అప్‌డేట్: అమ్మ ఐఎన్‌ఆర్ ఎందుకు పడిపోయిందో తెలిసింది

అమ్మకు గుండెలోని మైట్రల్ కవాటం మార్చి (లోహపుది) 11 ఏళ్లయింది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ ఒక్క పూటా మానకపోయినా, 2.5–3.5 మధ్య ఉండాల్సిన ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె) 1.6కు ఎందుకు దిగిందని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"మందులు కావనుకున్నవి కూడా డాక్టరు ముందు పెట్టండి" అన్న సలహాయే పనిచేసింది. సంచీ బోర్లించాం. డాక్టరు అందులోని క్యాల్షియం బిళ్లల పట్టీ వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాలను ఫోనులో పెద్దవి చేసి చూపించారు: విటమిన్ కె2. వార్ఫరిన్ అడ్డుకునేది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె పనినే కదా, ఇది దాన్ని మళ్లీ పోస్తోందన్నమాట. "అది బలం బిళ్ల, మందెలా అవుతుంది?" అని అమ్మ వాదన! కె2 లేని రకానికి మార్చి, వార్ఫరిన్ మోతాదు ఆయనే సరిచేసి, వారం వారం పరీక్ష రాశారు. మూడో వారానికి 2.8 వచ్చింది.

1.6 రావడం ల్యాబు తప్పు కాదు, మరోచోట చేయించినా అదే అంకె. విటమిన్ కె ఉంటుందని ఆకుకూరలు నేను అనవసరంగా మాన్పించాను. మానక్కర్లేదట, ఎప్పుడూ ఇంచుమించు ఒకే పాళ్లలో తింటే చాలట.