ఇంటి పక్క సందులో గులకరాళ్లు పరిపిస్తే వాన నీళ్లు ఎటు పోవాలి? (బెంగళూరు)

సందులో_సందేహం
రామమూర్తినగర్‌లో 30×40 సైటు, పాత ఇల్లు. ఇంటికీ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందు, పొడవు ముప్పై మూడు అడుగులు. ఇప్పుడు ఉత్త మట్టి. వానొస్తే బురద, వాన వెలిస్తే గడ్డి. సిమెంటు చేయించడం ఇష్టం లేదు. తెల్ల గులకరాళ్లు పరిచి అంచున కుండీలు పెడదామని మా ఆవిడ. లాండ్‌స్కేప్ అతను వచ్చి చూసి, "కింద ప్లాస్టిక్ షీట్, పైన రెండంగుళాల పెబుల్స్, అంతే సార్" అని కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. డాబా నీళ్ల పైపులు రెండూ ఈ సందులోకే దిగుతాయి. గల్లీ ట్రాపూ (వాడిన నీళ్లు దిగే జాలీ గుంట), మురుగు లైను ఛాంబరూ కూడా ఇక్కడే. రాళ్లలోంచి నీళ్లు ఎలాగూ దిగిపోతాయి కదా, ఇంకేమైనా చూసుకోవాలా?

కేఆర్‌పురం_కుర్రాడు
ప్లాస్టిక్ షీట్ మాత్రం వద్దన్నా. మా ఓనర్ అదే వేయించాడు. వాన వెలిసిన మర్నాడు రాళ్లు పైకి పొడిగా కనిపిస్తాయి, కింద వేలు పెడితే నీళ్లు. గోడకి అడుగు ఎత్తు దాకా పెయింటు పొట్టు లేచింది.

మేస్త్రీగారబ్బాయి
సందేహం గారూ, నీళ్లు రాళ్లలోంచి దిగుతాయి, నిజమే. దిగి ఎక్కడికి పోతాయన్నదే అసలు సంగతి. కింద షీట్ ఉంటే దాని మీదే నిలుస్తాయి. షీట్ లేకపోయినా మట్టికి వాటం లేకపోతే గుంట ఎక్కడుంటే అక్కడికే చేరతాయి. ఆ గుంట చాలా ఇళ్లలో గోడ పక్కనే ఉంటుంది. పునాది తవ్వినప్పుడు వెనక్కి నింపిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూ వస్తుంది మరి. రాళ్లు పరిచాక ఆ కుంగుడు కంటికి కనపడదు.

ముందు లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ సందు వంద చదరపు అడుగులు, అంటే తొమ్మిది చదరపు మీటర్ల పైన. 50 మి.మీ. వాన కురిస్తే సందు మీద పడేది 460 లీటర్ల చిల్లర. డాబా ఎనిమిది వందల అడుగులు అనుకుంటే దాని మీద పడేది 3,700 లీటర్లు! ఇదంతా రెండు పైపుల్లోంచి మీ రాళ్ల మీద దూకితే రాళ్లు చెదిరిపోయి, మట్టి కోసుకుపోయి, గోడ మొదట్లోనే గుంట పడుతుంది. కాబట్టి డాబా నీళ్లను ఆ రాళ్లలో కలపొద్దు. వాటికి చిల్లులు లేని పైపు వేరే వేసి సంపు ఫిల్టరుకో, ముందు వైపు ఇంకుడు గుంతకో తీసుకెళ్లండి.

ఇక సందు. గోడ పక్క మట్టి గట్టిగా దిమ్మిస చేయించండి. రెండు వైపుల నుంచీ మధ్యకి అరంగుళం వాటం, పొడవునా వీధి వైపు వందకి ఒకటి, అంటే ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగంగుళాల తేడా. కంటి అంచనాతో కాదు, లెవెల్ ట్యూబుతో చూడమనండి. మధ్యలో అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తవ్వి, కలుపు రాకుండా వేసే నేసిన షీట్ కాకుండా నెయ్యని జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లని వదిలి మట్టిని ఆపేది) పరిచి, నాలుగంగుళాల చిల్లుల పైపు చిల్లులు కిందికి ఉండేలా పెట్టి, 20 ఎంఎం కంకర నింపి, గుడ్డ పైకి మడిచేయాలి. ఒకే సైజు కంకరలో ఖాళీ దాదాపు నలభై శాతం ఉంటుంది, ఆ కాలువే 370 లీటర్లు పట్టుకోగలదు. క్రషర్ డస్టు కలిసిన కంకర దింపితే ఈ లెక్క చెల్లదు, కడిగి పోయించండి. ప్రహరీ పునాదులు మనవాళ్లు ఎక్కువ లోతు వేయరు, దాన్ని ఆనుకుని తవ్వనివ్వకండి.

పైన పరిచే గులకరాళ్లు ఇంటి బేస్‌మెంట్ (గోడల కింద నేల పైకి కనిపించే పునాది భాగం) పై అంచుకి కనీసం ఆరంగుళాలు కింద ఆగాలి. అక్కడిదాకా పోస్తే చెమ్మ నేరుగా గోడెక్కుతుంది.

ఈశాన్యం
వాటం ఈశాన్యానికి ఉండాలి కదా? వీధి నైరుతి వైపు అయితే?

మేస్త్రీగారబ్బాయి
పైన రాళ్ల వాటం ఈశాన్యానికి పెట్టుకోండి, కింద పైపు వీధికి. వాస్తు చూసే ఆయన కంకర తవ్వి చూడడు లెండి.

వేళచ్చేరి_వాన
చెన్నై నుంచి. పైన చెప్పిందంతా బెంగళూరు ఎర్రమట్టికి బాగానే ఉంది. మా వైపు బంకమట్టి, కార్తీకంలో భూగర్భ జలం పైకొచ్చేస్తుంది. ఇంకుడు గుంత కింది నుంచే నిండితే ఇంకేదెక్కడ? బీసెంట్ నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఇసుక నేల, బకెట్ పోస్తే క్షణంలో మాయం. అదే ఊరు, రెండు నేలలు. కాబట్టి ముందు అడుగు లోతు గుంట తీసి, నీళ్లు పోసి ఇంకనిచ్చి, మళ్లీ పోసి ఎంతసేపటికి దిగుతుందో చూడండి. తెల్లారేదాకా నిలిచి ఉంటే మీకు పనికొచ్చేది పైపే, గుంత కాదు.

ఇంకో మాట. మా వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసి ఇళ్లన్నీ పల్లంలో పడ్డాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు వీధి నీళ్లే సందులోకి వచ్చాయి. రాళ్ల సందులన్నీ ఒండ్రుతో పూడిపోయాయి, తీసి జల్లెడ పట్టించాల్సి వచ్చింది. మీ పైపు చివర వీధి కాలువ కన్నా ఎత్తులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఎదురు తన్నకుండా వాల్వు పెట్టాలి.

సర్జాపుర_సీతాఫలం
డాబా నీళ్లకి మేం ముందు వైపు మూడడుగుల రింగుల బావి తీయించాం. తవ్వింది మన్ను వడ్డర్లు. మేస్త్రీతో కన్నడంలో తంటాలు పడుతుంటే వాళ్లు చక్కా తెలుగులో మాట్లాడేశారు, యాస వేరు గానీ. సందులో మాత్రం బావి తీయించకండి. పునాదికి ఎంత దూరమైతే అంత మంచిది, మూడడుగుల్లో ఆ దూరం దొరకదు.

కేఆర్‌పురం_కుర్రాడు
డాబా పైపుని పక్కనే ఉన్న ఛాంబర్లో కలిపేస్తే పని తేలిక కదా? మా వీధిలో సగం మంది అలాగే చేశారు.

మేస్త్రీగారబ్బాయి
ఆ సగం మంది వల్లే పెద్ద వాన పడితే కింది వాటాల బాత్‌రూముల్లోంచి మురుగు పైకొస్తుంది. ఆ లైను మురుక్కే సరిపడా వేసింది. వాన నీళ్లు అందులో కలపకూడదు, నేరం కూడా. 2009లో బెంగళూరు జలమండలి (నీళ్లు, మురుగు చూసే బోర్డు) చట్టం సవరించాక 30×40లో కొత్తగా కట్టేవాళ్లకి వాన నీటి సేకరణ తప్పనిసరి. మీ పాత ఇంటికి వర్తించకపోయినా, ఎలాగూ తవ్విస్తున్నారు కాబట్టి ఆ పైపు సంపు దాకా లాగించేయండి.

బాల్కనీ_బంతి
రంగు గురించి ఎవరూ అనలేదు. ఎండ తగలని సందులో తెల్ల చిప్స్ ఒక్క వానాకాలానికే పచ్చగా పాచి పడతాయి. నదీ గులకరాళ్లలో బూడిద, గోధుమ రంగువి తీసుకోండి, అంగుళం పైన సైజు. ప్రహరీ అవతల కానుగ చెట్టుందా? ఉంటే ఎండాకాలంలో రాలే పూలు రాళ్ల మధ్య కుళ్లి ఎరువైపోతాయి, గడ్డి మళ్లీ మొలుస్తుంది. సన్న రాళ్లయితే ఊడ్చడానికి చీపురు ఆడదు. కుండీల కింద పళ్లేలు వద్దు, డెంగ్యూ దోమకి అవే చాలు.

సందులో_సందేహం
అందరికీ థాంక్స్. షీట్ కొటేషన్ వద్దనేశాను. గుంట పరీక్ష చేశాం, నీళ్లు గంటలోపే దిగాయి. డాబా పైపులు సంపుకి, సందు మధ్యలో చిల్లుల పైపు, పైన గోధుమ రంగు రాళ్లు (తెల్లవి కావాలన్న ఆవిడకి పాచి సంగతి చదివి వినిపించాను). ఒక్కటే మిగిలింది, ఛాంబర్ మూత మీద కూడా రాళ్లు పోస్తే తప్పా? అందం చెడుతోంది.

మేస్త్రీగారబ్బాయి
విడిగా పోయకండి. మూత ఎత్తినప్పుడల్లా రాళ్లు ఛాంబర్లో పడి లైను జామ్ అవుతుంది. ట్రేలా గుంటగా ఉండే మూతలు దొరుకుతాయి, అందులో పోసి మూతతో సహా ఎత్తండి. గల్లీ ట్రాప్ జాలీ మాత్రం తెరిచే ఉంచాలి. రాళ్లు పోయకముందే హోస్ వదిలి పైపు చివర నీళ్లు వస్తున్నాయో లేదో చూసి మేస్త్రీకి డబ్బులివ్వండి.