సర్టిఫికెట్ తనిఖీ ఆపి బిల్డ్ చేయడం అంత తప్పా?

నీవా ఒడ్డు (చిత్తూరు): తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట బారులు తీరిన రోజే కాటా కంప్యూటర్ డిస్కు పోయింది. మా తూకం ప్రోగ్రాం బిల్డ్ (కోడు నుంచి ప్రోగ్రాం తయారుచేసే పని) కూడా అందులోనే. కొత్త డిస్కులో జావా 7 పెట్టి మావెన్ (లైబ్రరీలను నెట్ నుంచి దించి బిల్డ్ చేసే సాధనం) నడిపితే ఒక్క లైబ్రరీ కూడా దిగలేదు, సురక్షిత కనెక్షన్ కుదరలేదని ఎర్రర్. అవతలి సర్వర్ అసలైనదేనా అని చూసే సర్టిఫికెట్ తనిఖీని ఆపే ఆప్షన్ పెట్టాను. దాని మీద ఆఫీసులో పెద్ద గొడవ. అంత నేరమా ఇది?

అలిపిరి (తిరుపతి): నేరమే. ఎర్రర్ చివరి వరకు చదివారా? ‘పీకేఐఎక్స్’ అని ఉంటే సర్టిఫికెట్ సమస్య. ‘ప్రోటోకాల్ వెర్షన్’ అని ఉంటే మాట సర్టిఫికెట్ దాకా వెళ్లనే లేదు. లైబ్రరీలు దిగే సర్వర్ మావెన్ సెంట్రల్ 2018 జూన్ నుంచి టీఎల్ఎస్ (సురక్షిత కనెక్షన్ ప్రోటోకాల్) 1.0, 1.1లను తీసుకోదు. జావా 7లో 1.2 ఉన్నా, మనం చెబితే తప్ప వాడదు.

మూడో గేటు: హెచ్‌టీటీపీ లింకు (గుప్తీకరణ లేనిది) పెట్టుకుంటే సరి.

కాణిపాకం దారి: 2020 జనవరి 15 నుంచి అదీ లేదు. 501 ఎర్రర్ వస్తుంది.

నీవా ఒడ్డు: చూశాను, ‘ప్రోటోకాల్ వెర్షన్’ అనే ఉంది. ఆప్షన్‌తో పని జరగలేదు. చివరికి తెలిసినాయన పెన్‌డ్రైవ్ నుంచి జార్లు (జావా లైబ్రరీ ఫైళ్లు) కాపీ చేశాను. కాటా నడిచింది.

అలిపిరి: పనికిరాదని తెలిశాక ఆప్షన్ తీసేశారా?

నీవా ఒడ్డు: సీజన్ అయ్యాక తీస్తాను.

అలిపిరి: ఆ ‘అయ్యాక’ నాకు బాగా తెలుసు. నాకంటే ముందు పనిచేసినాయన ఏ సర్టిఫికెట్ వచ్చినా నమ్మే కోడు ప్రోగ్రాంలో పెట్టి, పైన ‘తాత్కాలికం’ అని రాసి వెళ్లిపోయాడు. రెండేళ్లు కస్టమర్ల దగ్గర అలాగే నడిచింది. సంజాయిషీ రాసింది నేను.

కాణిపాకం దారి: ఈయన మార్చింది బిల్డ్‌లో. అది వేరు.

అలిపిరి: బిల్డ్‌లో చేరిన జారే కదా రేపు రైతు కాయల తూకం రాసేది?

నీవా ఒడ్డు: రైతుల సంగతి నాకు చెప్పకండి మేడం. మా నాన్న కాయలు తోలిన రైతే. లారీ ఒక్క రోజు ఆగితే కాయ మెత్తబడి ధర ఎలా పడుతుందో ఇంట్లో చూశాను. జావా మార్చుదామని మూడేళ్లుగా యజమానిని అడుగుతున్నాను. ‘నడుస్తోంది కదా’ అంటారు. ఆగిన రాత్రి ఫోను మాత్రం నాకే. మీకు సమయం ఇస్తారు కాబట్టి పద్ధతులు పాటిస్తారు.

అలిపిరి: మాకూ ఇవ్వలేదు. మీలాంటివాళ్లు ఎలాగోలా నడిపిస్తున్నంత కాలం ఏ యజమానీ ఇవ్వడు.

నీవా ఒడ్డు: నేను చేతులు కట్టుకుంటే నష్టపోయేది ఆయన కాదు, గేటు బయట నిలబడ్డవాళ్లు.

అలిపిరి: సరే, కాటా ఆపకండి. ఆ ఆప్షన్ మాత్రం ఈ రాత్రే తీయండి. 1.2ను తనంతట తానే వాడే జావా 8 ఉన్న ల్యాప్‌టాప్‌లో అవే వెర్షన్లు సెంట్రల్ నుంచి దించండి. జార్ పక్కనే ఎస్‌హెచ్‌ఏ1 ఫైలు (జార్‌లో ఏది మారినా మారిపోయే గుర్తు సంఖ్య) ఉంటుంది, పెన్‌డ్రైవ్ జార్లను దానితో పోల్చండి.

నీవా ఒడ్డు: మొత్తం 23 జార్లు. 22 సరిపోయాయి. ఒకటి సరిపోలేదు, పేరూ వెర్షనూ అవే. దాన్ని మార్చాను, ఆప్షన్ తీశాను. రెండు ఎస్‌హెచ్‌ఏ1 విలువలూ ఒకదాని కింద ఒకటి రాసి యజమానికి పంపాను. ఇంకా జవాబు రాలేదు.