డీజిల్ సైకిల్ 60 శాతం గీత: ఇంప్లిసిట్ ప్లాటా, ఆర్ విడదీసి గీయడమా?

తుంగభద్ర77 (కర్నూలు):
డీజిల్ ఇంజన్ ఆదర్శ చక్రానికి ఉష్ణ సామర్థ్యం ఈటా = 1 − (బి^1.4 − 1) / [1.4 × (బి − 1) × ఆర్^0.4]. ఆర్ కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలి గరిష్ఠ, కనిష్ఠ ఘనపరిమాణాల నిష్పత్తి), బి కటాఫ్ రేషియో (ఇంధనం మండే దశ చివర, మొదట ఘనపరిమాణాల నిష్పత్తి). ఈటా 0.6 వచ్చే జతలన్నీ ఒక గీతగా కావాల. మ్యాట్‌ల్యాబ్‌లో ఎఫ్‌ఇంప్లిసిట్ (సమీకరణం ఇస్తే నేరుగా గీత గీసే ఆదేశం) ఉండంగా బీజగణితం ఎందుకని నా వాదన. ఒకటే చిక్కు: హారంలో సున్నా వద్దని అడ్డగుణకారం చేస్తే, బి = 1 దగ్గర నిలువు గీత ఇంకోటి పడతాంది.

పెన్నాగ్రాఫ్ (ప్రొద్దుటూరు):
ఆ గీత గుణకారం తెచ్చిపెట్టిందే అన్నా. (బి − 1)తో గుణిస్తే, బి = 1 కాడ ఆర్ ఎంతైనా రెండు పక్కలా సున్నానే. భాగహారం అట్లే ఉంచి, బి 1.01 నుంచి 4, ఆర్ 8 నుంచి 24 అని పరిధి ఇయ్యి. ఇయ్యకపోతే రెండు అక్షాలూ −5 నుంచి 5 తీసుకుంటాది. మనకు కావాల్సిన గీత ఆర్ 9.88 పైన కదా, అది కనపడదు. బి 0కీ 0.1కీ మధ్య ఒక తునక మాత్రం తేల్తాది. కటాఫ్ ఒకటికి తక్కువంటే దానికి అర్థమే లేదు.

అసలు ఇక్కడ ఇంప్లిసిట్ ఎందుకు? ఆర్ సుళువుగా విడిపోతాది: ఆర్ = [(బి^1.4 − 1) / (1.4 × (బి − 1) × (1 − ఈటా))]^2.5. బి 2 అయితే 14.66, 3 అయితే 19.25. మామూలు ప్లాట్ చాలు.

సీమథర్మల్ (అనంతపురం):
ఇద్దరూ 1.4ను (గాలి సీపీ/సీవీ నిష్పత్తి) కదలనీయరే! వేడెక్కే కొద్దీ గాలి సీపీ (స్థిర పీడనంలో విశిష్టోష్ణం) పెరుగుతాది, ఆ 1.4 తగ్గుతాది. ఆర్ 16, బి 2, టీ1 (కంప్రెషన్ ముందు ఉష్ణోగ్రత) 300 కెల్విన్ తీసుకోండి. మీ లెక్కన టీ2 (కంప్రెషన్ తర్వాత) 909, ఈటా 61.4 శాతం. గాలి పట్టికలతో చేస్తే టీ2 862, ఈటా 56.3. అంటే 0.6 గీతే పైకి జరుగుతాది, ఇంక ఆర్‌ను విడదీసే దారి లేదు.

అట్లని టీ2, టీ4 కనుక్కోను చేసే సీపీ సమాకలనాన్ని ఎఫ్‌ఇంప్లిసిట్ లోపల పెట్టొద్దు. దాని మెష్ డెన్సిటీ (ఒక్కో దిశలో లెక్కించే బిందువులు) మామూలుగానే 151, బిందువు బిందువుకీ సమీకరణం సాధిస్తా కూచుంటాది. సీపీ ఘన బహుపదిని ముందే చేత్తో సమాకలనం చేసుకోండి. టీ2 ఆర్ మీదే ఆధారపడతాది, కాబట్టి ఆర్‌కొక ఎఫ్‌జీరో (సమీకరణ మూలం వెతికే ఆదేశం) చాలు. టీ3 (మండిన తర్వాత) అంటే బి × టీ2. టీ4కు (వ్యాకోచం చివర) ఆర్/బి నిష్పత్తి. 60 × 60 గ్రిడ్‌కు 60 + 3600 సాధనలు, అంతే. ఆ ఈటా పట్టికను కాంటూర్‌కు (సమాన విలువల గీతలు గీసే ఆదేశం) ఇచ్చి స్థాయి [0.6 0.6] అని రెండుసార్లు రాయాల. ఒట్టి 0.6 రాస్తే ఎన్ని గీతలో చెప్తున్నారనుకుంటాది.

పెన్నాగ్రాఫ్:
కాంటూర్‌కు ఒప్పుకుంటా. అయితే అదీ ఎఫ్‌ఇంప్లిసిట్ కాదు గదా, తుంగభద్రన్న వాదన నిలబడలే. ఇంకోటి, స్థిర సీపీలో టీ1 కొట్టేసుకుపోతాది, నీ పద్ధతిలో పోదు. మే నెల 42 డిగ్రీలంటే 315 కెల్విన్, గీత ఇంకాస్త పైకే.

తుంగభద్ర77:
సరే, కాంటూరే గీస్తా. గ్రిడ్‌లో బి = 1 వరస పడితే?

సీమథర్మల్:
అక్కడ ఇచ్చే వేడి, అంటే ఎంథాల్పీ తేడా సున్నా, మళ్లీ 0/0నే. 1.02 నుంచి మొదలుపెట్టన్నా. టీ3 1800 దాటిన గళ్లలో నాన్ (విలువ లేదనే గుర్తు) పెట్టు, ఆ పైన సీపీ బహుపదిని నమ్మలేం.