పాత అపార్ట్‌మెంట్ బాత్రూమ్‌లో నల్ల బూజు: ఖర్చు అద్దెకున్నవాళ్లదా, ఓనర్‌దా?

కొర్లగుంట అద్దెఇల్లు:
తిరుపతిలో పాతికేళ్లు దాటిన అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. బాత్రూమ్ సీలింగ్ మూలన, దాని కింద గోడకు నల్లగా బూజు. ఎండాకాలంలో కనిపించదు, అక్టోబర్ వానలు మొదలైతే మళ్లీ తయారు. ఓనర్‌కి ఫోన్ చేస్తే "మీరు సరిగ్గా కడగడం లేదు" అంటారు. పైఫ్లాట్ వాళ్లు "మా బాత్రూమ్ బాగానే ఉండాది" అంటారు. అసోసియేషన్ సెక్రటరీ "ఫ్లాట్ లోపలి పని మాది కాదమ్మా" అని తేల్చేశారు. ఇప్పుడు ఖాళీ చేస్తే పెయింటింగ్ ఖర్చు అడ్వాన్స్‌లో పట్టుకుంటామని ఓనర్ మాట. ఇది ఎవరి నెత్తిన పడాలి?

ఎం.ఆర్.పల్లి ఓనర్:
నేను మీ ఓనర్‌ని కాదు గాని, అద్దెకిచ్చేవాడి గోడు కూడా వినండి. మేమున్నప్పుడు లేని బూజు మీరు దిగాక ఎట్లా వస్తుంది? నేను చూసిన ఫ్లాట్లలో చాలా చోట్ల కథ ఒకటే. దోమలొస్తాయని వెంటిలేటర్ గాజుపలకల సందుల్లో పాత పేపర్లు కుక్కేస్తారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ చప్పుడు పడదని స్విచ్చే వెయ్యరు. ధనుర్మాసం వస్తే తెల్లారకముందే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు పొగలు కక్కే నీళ్లు పోసుకుని వెంటనే తలుపు మూసేస్తారు. ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? చల్లగా ఉన్న గోడకే పడుతుంది. దానికి ఓనర్ రోజూ వచ్చి వైపర్ వేసి పోవాలా?

పద్మావతి నగర్ అక్క:
వైపర్ వెయ్యక్కర్లేదు సార్, తిరిగే ఫ్యాన్ ఒకటి పెట్టించండి చాలు. పాత బిల్డింగుల్లో వెంటిలేటర్ తెరుచుకునేది వీధిలోకి కాదు, మనిషి పట్టనంత డక్ట్‌లోకి, అదే పైపులు దిగే ఇరుకు సందులోకి. వాన పడకుండా దాని నెత్తిన ఫైబర్ షీటు. మేం ముందున్న ఇంట్లో వెంటిలేటర్ తెరిస్తే కిందివాళ్ల పోపు ఘాటు, పక్కవాళ్ల ఫోన్ మాటలు వచ్చేవి గాని గాలి మాత్రం వచ్చేది కాదు. ఇక అద్దెకు కొత్తవాళ్లు దిగే ముందు బూజు మీదే ఒక కోటింగ్ రంగు కొట్టించి "ఇల్లు కొత్తగా ఉంది చూడండి" అంటారే, ఆ పనికి ఎవరిని అడగాలి? గీకకుండా, కడగకుండా, ఆరనివ్వకుండా వేసిన రంగు రెండో వానకే పొరలు పొరలుగా లేచొస్తుంది. వందసార్లు కడిగినా ఆ పెయింట్ నిలవదు.

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
ఇంత రచ్చ ఎందుకండీ. బ్లీచింగ్ పౌడర్ చిక్కగా కలిపి పూసి, పైన కాస్త బాత్రూమ్ యాసిడ్ చల్లి బ్రష్ కొడితే ఒక్క మచ్చ మిగలదు. మా రూమ్‌లో అదే చేస్తాం.

ఆస్పత్రి డ్యూటీ:
తమ్ముడూ, ఆ పని ఇంకెప్పుడూ చెయ్యొద్దు. బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులకు పట్టిందంటే నేరుగా ఎమర్జెన్సీకే. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిపినా అంతే ప్రమాదం. టైల్స్ మీద బూజుకు బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్ సరిపోతాయి. లిక్విడ్ బ్లీచ్ వాడాలనుకుంటే నాలుగు లీటర్ల నీళ్లకు ఒక కప్పుకు మించకుండా విడిగా కలిపి, తలుపు తెరిచి, గ్లవ్స్, మాస్కు వేసుకుని వాడండి. ప్లాస్టరింగ్ గోడకైతే బ్లీచ్ పెద్దగా పనికిరాదు. మందు పైపైన ఆగిపోతుంది, అందులోని నీళ్లు లోపలికి ఇంకుతాయి, బూజుకు కావాల్సిందీ ఆ తడే.

నల్లగా ఉంది కాబట్టి ప్రాణాంతకం అనే వాట్సాప్ భయం కూడా వద్దు. రంగును బట్టి ఏ బూజు ఎంత చెడ్డదో చెప్పలేం. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. ఇంట్లో చెమ్మ, బూజు ఉంటే ఆస్తమా, దగ్గు, అలర్జీ ఎక్కువవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లికూతలొచ్చే పిల్లలున్న ఇంట్లో వాదన తేలేదాకా ఆగకుండా ముందు గోడ ఆరబెట్టే దారి చూడండి.

రిటైర్డ్ సైట్ ఇంజినీర్:
ఎవరిది తప్పో తర్వాత. నీళ్లు ఎక్కడివో తెలియకుండానే అందరూ తీర్పులిచ్చేస్తున్నారు. అమ్మా, ఒక పని చెయ్యండి. మూలన గోడను బాగా తుడిచి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ జానెడు ముక్క కత్తిరించి, నాలుగు అంచులా టేపు అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఫాయిల్ పైన, అంటే మీకు కనిపించే వైపు చుక్కలు పడితే అది స్నానాల ఆవిరి, ఎం.ఆర్.పల్లి ఆయన మాట నిజం. ఫాయిల్ వెనక, గోడవైపు తడిస్తే నీళ్లు గోడలోంచే వస్తున్నట్టు. అప్పుడు మీరు పొద్దస్తమానం కడిగినా బూజు పోదు.

గోడలోంచే అయితే ఎప్పుడు తడుస్తుందో గమనించండి. ఇరవై నాలుగు గంటలూ ఒకేలా చెమ్మగా ఉంటే నీళ్ల లైను. మీ బిల్డింగ్ కాలంలో జీఐ పైపులు, అంటే జింకు పూత ఇనుప పైపులు గోడలో పూడ్చేవాళ్లు, అవి లోపల తుప్పు పట్టి చిల్లులు పడతాయి. పైవాళ్లు స్నానం చేశాక కొంతసేపటికి తడిస్తే వాళ్ల డ్రెయిన్ లేదా సంకన్ స్లాబ్. బాత్రూమ్ స్లాబును కిందికి దించి, పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపేస్తారు కదా, ట్రాప్ (నేల జాలీ కింద నీళ్లు దిగే వంపు పైపు) దగ్గర జాయింట్ వదులైతే ఆ నింపుడంతా నీళ్లు పీల్చుకుని నెలల తరబడి కిందికి వదులుతుంది. వాన పడ్డప్పుడే వస్తే బయటి గోడ, డక్ట్ పైపులు చూడాలి. మీరు రాసిన అక్టోబర్ సంగతి చూస్తే నాకు ఈ మూడోదాని మీదే అనుమానం. పైఫ్లాట్ మీద అనుమానం తీరాలంటే వాళ్ల ట్రాప్ మూసి, అంగుళం ఎత్తున నీళ్లు నింపి ఒక రోజు ఉంచి చూడండి. పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట, ఎవరూ అడక్కపోయినా చెప్తున్నా. మరక కనపడకుండా పీవీసీ ఫాల్స్ సీలింగ్ వేయించుకునే పద్ధతి ఒకటి వచ్చింది. దయచేసి ఆ పని చెయ్యకండి. పైన స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడేదాకా కింద ఎవరికీ తెలియదు.

మూడో అంతస్తు బాధితుడు:
ఇంజినీర్ సార్‌కి దండం. కింద మచ్చ కనపడితే చాలు, పైవాడే దొంగ. మా బిల్డింగ్‌లో కిందివాళ్ల పోరు పడలేక మా బాత్రూమ్ టైల్స్ మొత్తం పగలగొట్టించాం, వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. కింద చెమ్మ తగ్గలేదు. ఆ నీళ్లు మావి కావని అప్పుడు ఒప్పుకున్నారు. డబ్బులు ఎవరూ ఇవ్వలేదు.

లా చదివినవాడు:
ఓనర్లకు నచ్చని మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చూడండి. ఇల్లు దిగినప్పుడు ఉన్నట్టుగా ఉంచాల్సింది అద్దెదారే, అయితే మామూలు అరుగుదల, తరుగుదల అందులోకి రావు. ఓనర్ చేయించాల్సిన రిపేరును నోటీసిచ్చాక కూడా వదిలేస్తే, అద్దెదారు చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చని అదే సెక్షన్ చెప్తుంది. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతేనే సుమా, కాబట్టి ముందు ఆ కాగితం తీసి చదవండి. ఫోన్లో అడిగింది రుజువు చెయ్యడం కష్టం, ఫోటోలు పెట్టి రాతపూర్వకంగా అడగండి.

ఇక అసోసియేషన్. మన రాష్ట్రంలో 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. ప్రధాన గోడలు, పైకప్పు, మెట్లలాంటివి ఉమ్మడి ఆస్తే. నా లెక్కన డక్ట్‌లో అందరికీ కలిపి దిగే పైపులూ అంతే. వాటి నీళ్లు ఒకరి ఫ్లాట్‌లోకి దిగితే "లోపలి పని" అనడం కుదరదు. బిల్డర్‌ని పట్టుకుందాం అనుకునేవాళ్లకు: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నిర్మాణ లోపాల బాధ్యత అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లే.

ఎం.ఆర్.పల్లి ఓనర్:
అద్దెలో తగ్గించుకోమని సలహా ఇచ్చేస్తే రేపు ప్రతివాడూ ట్యాప్ మార్చి నెల అద్దె ఎగ్గొడతాడు. చట్టం సరే, కలిసి ఉండేది మనుషులు కదా.

కొర్లగుంట అద్దెఇల్లు:
అందరికీ థాంక్స్. రెండు చోట్ల ఫాయిల్ అంటించాం. గీజర్ దగ్గర అటూ ఇటూ పొడిగానే ఉంది. మూలన మాత్రం వెనకవైపు తడి, టేపు కూడా ఊడొచ్చింది. పైఫ్లాట్ ఆంటీ మంచావిడ, నీళ్లు నింపి చూసుకోమన్నారు. రోజంతా ఉంచినా మాకు దిగలేదు. తర్వాత వాన పడ్డప్పుడు ప్లంబర్‌ని పిలిచి డక్ట్‌లో టార్చి కొట్టించాం. టెర్రస్ నుంచి దిగే వాననీళ్ల పైపు జాయింట్ మా సీలింగ్ ఎత్తులో విడిపోయి ఉంది, నీళ్లన్నీ మా గోడ మీదికే కొడుతున్నాయి. ఫోటోలు సెక్రటరీకి పంపించాను. "మీటింగులో పెడతాం" అన్నారు. ఓనర్ మాత్రం ఇప్పుడు "చూశారా, నా తప్పు కాదు" అంటున్నారు. మరి అడ్వాన్స్ సంగతి అడిగితే జవాబు లేదు.

రిటైర్డ్ సైట్ ఇంజినీర్:
మీటింగు దాకా ఆగితే ఈ సీజన్ అయిపోతుంది. జాయింట్ ఒక పూట పని. ముందు అది చేయించి బిల్లు అసోసియేషన్‌కి పెట్టమని మీ ఓనర్‌తోనే రాయించండి, ఫ్లాట్ ఆయనది కాబట్టి ఆయన రాస్తేనే బరువుంటుంది. గోడకు ఇప్పుడే రంగు వెయ్యనివ్వకండి. ఫాయిల్ వెనక పొడిగా వచ్చేదాకా ఆగి, అప్పుడు గీకించండి.

ఎం.ఆర్.పల్లి ఓనర్:
ఈ కేసులో పెయింటింగ్ అద్దెవాళ్ల మీద వెయ్యడం అన్యాయమే, ఒప్పుకుంటా. కానీ ఆ ఫ్యాన్ మాత్రం వెయ్యండమ్మా.

పద్మావతి నగర్ అక్క:
ముందు ఫ్యాన్ ఉందో లేదో అడగండి సార్.

కొర్లగుంట అద్దెఇల్లు:
లేదు. చిల్లు ఉంది, అట్ట పెట్టి ఉంది. మేం దిగక ముందు నుంచీ.