కేసున్నవాళ్లకి పని ఇప్పించాలి: ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది?

వంశధార_పీఎల్‌వీ అడుగుతున్నారు:

నమస్కారమండీ. గుణుపురంలో న్యాయసేవల కమిటీ తరఫున పారా లీగల్ పని చూస్తుంటాను. ముగ్గురు కుర్రాళ్ల విషయం ఒకేసారి వచ్చిపడింది. ముగ్గురికీ పని కావాలి, ముగ్గురి మీదా పాత కేసులున్నాయి.

ఒకడిది 2019లో ఊళ్లో కొట్లాట. "అదెప్పుడో అయిపోయింది సార్" అంటాడే గానీ ఎలా అయిపోయిందో చెప్పలేడు. విశాఖలో కాంట్రాక్టు ఫిట్టరు పని ఖాయమైంది, పోలీస్ వెరిఫికేషన్ తెమ్మంటున్నారు.

రెండోవాడు లారీ డ్రైవరు. 800 గ్రాముల గంజాయితో దొరికాడు, 6 నెలల శిక్ష పూర్తయి పోయిన నెల బయటికొచ్చాడు. మళ్లీ లారీ ఎక్కొచ్చా? సొంతంగా ఏదైనా పెట్టుకుంటే అప్పు పుడుతుందా?

మూడోవాడికి 17 ఏళ్లప్పుడు సెల్‌ఫోన్ దొంగతనం కేసు, జువెనైల్ బోర్డులోనే తేలిపోయింది. ఇప్పుడు 20. సర్కారు ఉద్యోగం ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్న గడి దగ్గర ఆగిపోయి కూర్చున్నాడు.

ఏ ఆఫీసుకెళ్లి ఏమడగాలో విడమర్చి చెప్పండి, చాలు.

కచేరీ_వరండా:

మొదటివాడితో మొదలుపెడదాం. "అయిపోయింది" అనే మాట కోర్టులో చెల్లదు. పోలీసులు ఛార్జ్‌షీటు వెయ్యకుండా ఫైనల్ రిపోర్టు ఇచ్చేసి ఉండొచ్చు. సాక్షులు మాట మార్చితే కొట్టేసి ఉండొచ్చు. రాజీ పడి ఉండొచ్చు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టి ఉండొచ్చు. ఇంటికొచ్చేసినవాడికి నాలుగూ ఒకటే, వెరిఫికేషన్ చేసేవాడికి మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. చివరిదైతే, ఒక్క పూట లాకప్‌లో లేకపోయినా, అది శిక్ష పడ్డ కేసే.

ఫోన్లో ఈకోర్ట్స్ యాప్ తెరిచి ఒడిశా, రాయగడ జిల్లా, గుణుపురం కోర్టులు ఎంచుకోండి. పేరు కొట్టి వెతికితే మన తెలుగువాళ్లు చాలాసార్లు దొరకరు. ఒడియాలో రాసే ఠాణాలో మన 'వ' కాస్తా 'బ' అయిపోతుంది, వెంకటరావు బెంకట రావ్ అవుతాడు. ఇంటిపేరు ముందు చెబితే అదే అసలు పేరనుకుంటారు. అందుకే ఠాణా పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఇచ్చి వెతకండి. కేసు దొరకగానే దాని గుర్తింపుగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసిపెట్టుకోండి. ఆ పేజీలోనే 'నేచర్ ఆఫ్ డిస్పోజల్' (కేసు ఎలా ముగిసింది) అని ఒక వరస ఉంటుంది. మీకు కావలసిన జవాబు అదే.

ఆ తర్వాత తీర్పు సర్టిఫైడ్ కాపీ. కోర్టు కాపీయింగ్ సెక్షన్లో దరఖాస్తు పెట్టాలి: జీఆర్ నంబరు (పోలీసు కేసుకి కోర్టు ఇచ్చే నంబరు), తీర్పు తేదీ, ముద్దాయి పేరు తీర్పులో ఎలా ఉంటే అలాగే. ఎక్సైజు శాఖ నేరుగా పెట్టిన కేసైతే జీఆర్ ఉండదు, 2(ఏ)సీసీ నంబరు ఉంటుంది. ఈ రెండూ తారుమారైతే మీరు అడిగిన ఫైలు కాక వేరేవాడిది వెతుకుతారు. పాత కేసు రికార్డు రూముకి వెళ్లిపోయి ఉంటే కొంచెం ఆలస్యమవుతుంది. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి రెండు కాపీలు తీసుకోండి.

తీర్పులో పేరు, ఆధార్లో పేరు కలవకపోతే అదే కోర్టులో అక్షర దోషం సవరించమని పిటిషన్ వెయ్యొచ్చు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 362, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 403. తొందరగా కావాలంటే 'ఇద్దరూ ఒకరే' అని నోటరీ అఫిడవిట్ జతచేసి తీర్పు కాపీతో కలిపి ఇవ్వండి.

హెచ్‌ఆర్_గాజువాక:

కంపెనీ వైపు నుంచి చెబుతాను. రెండు తనిఖీలు జరుగుతాయి, జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు. మొదటిది పోలీస్ వెరిఫికేషన్. అది అడ్రసు ఏ ఠాణా కిందకొస్తే ఆ ఠాణా నుంచి రావాలి. గుణుపురం అడ్రసుకి ఆంధ్రా ఠాణా సర్టిఫికెట్ ఇవ్వదు. ఒడిశా పోలీసు సిటిజన్ పోర్టల్లో దరఖాస్తు చేసుకోవాలి. సరిహద్దులో తరచూ ఇరుక్కునేది ఇక్కడే: ఆధార్ పార్వతీపురం వైపు అమ్మమ్మగారి ఊరిది, కాపురం ఇటు. పోలీసు ఆ ఊరెళ్లి అడిగితే "ఇక్కడ ఎవరూ లేరు" అంటారు, రిపోర్టు 'అడ్రసు దొరకలేదు' అని వస్తుంది. కంపెనీ కంటికి అది పాత కేసు కన్నా చెడ్డగా కనబడుతుంది. ముందు ఆధార్ అడ్రసు సరిచేయించండి, ఆ తర్వాతే దరఖాస్తు.

రెండోది ప్రైవేటు ఏజెన్సీ చేసే కోర్టు రికార్డు వెతుకులాట. వాళ్లూ ఈకోర్ట్స్‌లాంటి రికార్డుల్లోనే పేరు, తండ్రి పేరు, జిల్లా పెట్టి చూస్తారు. అదే పేరున్న ఇంకొకడి కేసు మనవాడి నెత్తికెక్కడం మామూలే. ఆఫర్ ఆగిపోతే ఊరికే వదిలెయ్యకండి. ఏ కేసు నంబరు చూసి ఆపారో రాతపూర్వకంగా అడగండి. ఆ ఎఫ్ఐఆర్లో తండ్రి పేరు, వయసు, ఊరు మీవాడివి కాకపోతే పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇంకో మాట. కేసున్నవాణ్ణి ఉద్యోగంలోకి తీసుకోకూడదని ప్రైవేటు యజమానుల మీద గంపగుత్త నిషేధమేదీ లేదు. తీసుకుని తీరాలనీ లేదు. నిర్ణయం వాళ్ల చేతిలోనే. కానీ సెక్యూరిటీ గార్డు పని వేరు. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం సెక్షన్ 10 ప్రకారం కోర్టులో శిక్ష పడ్డవాణ్ణి గార్డుగా పెట్టుకోకూడదు. మీ డ్రైవరుకి ఎవరైనా "గార్డు పని ఇప్పిస్తా, యూనిఫాంకి డబ్బు కట్టు" అంటే కట్టనివ్వకండి.

వంశధార_పీఎల్‌వీ:

కచేరీ గారూ, మీరన్నట్టే ఎఫ్ఐఆర్ నంబరుతో దొరికింది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్లు 341, 323, 294, 506. డిస్పోజల్ దగ్గర 'నేరం ఒప్పుకోలుపై శిక్ష' అని ఉంది, 600 రూపాయల జరిమానా. వాడు మాత్రం "అవతలివాళ్లతో రాజీ అయ్యాం సార్, ఇద్దరం కలిసే టీ తాగి వచ్చాం" అంటున్నాడు. ఇదెలా?

కచేరీ_వరండా:

ఈ ప్రాంతంలో ఎవరైనా కొట్లాడుకుంటే పడే సెక్షన్ల మూట అదే. మెలిక 294 దగ్గరుంది. అడ్డగించడం 341, కొట్టడం 323, బెదిరించడం 506, ఈ మూడూ దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే రాజీ చేసుకోదగ్గవి. బూతు తిట్టడం 294 రాజీకి రాదు. మూడింటికి రాజీ అయినా నాలుగోది నిలబడిపోతుంది. వాయిదాలు తిరగలేక "ఒప్పుకుని ఫైన్ కట్టెయ్, ఈరోజుతో వదిలిపోతుంది" అంటారు, వాడు కట్టేస్తాడు. మీవాడి విషయంలో జరిగింది ఇదే అయ్యుండాలి. తీర్పు కాపీ వస్తే ఏ సెక్షను ఎలా ముగిసిందో వేర్వేరుగా తెలుస్తుంది.

రాజీ రికార్డయితే చట్టప్రకారం అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క, పాత సీఆర్‌పీసీ సెక్షన్ 320(8), ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 359లో. ఒప్పుకుని ఫైన్ కడితే శిక్ష. అదే బెంచీ, అదే రోజు, ఇంచుమించు అదే ఖర్చు. ఇప్పుడు కేసులు నడుస్తున్నవాళ్లకి ఈ మాట చెప్పండి: రాజీ కుదిరిన సెక్షన్లకి రాజీ పిటిషన్ వేయించి, మిగిలిన 294కి (ఐపీసీ బదులు వచ్చిన కొత్త బీఎన్ఎస్‌లో 296) విచారణ జరగనివ్వడం మేలు. ఫిర్యాదుదారే గట్టిగా చెప్పని కేసు ఎక్కువసార్లు నిలబడదు. ఇంకో రెండు మూడు వాయిదాలు పట్టినా సరే. తప్పు నిజమే అనుకుంటే, శిక్ష వేసే ముందు 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 3 గానీ 4 గానీ వర్తింపజేయమని వకీలు అడగాలి. ఆ చట్టం కింద వదిలితే సెక్షన్ 12 ప్రకారం ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటుకోదు. అడగనిదే ఇస్తారనుకోకండి.

మీవాడికి ఇప్పుడు వెనక్కి వెళ్లే దారి ఇరుకు. ఒప్పుకున్న కేసులో అప్పీలు శిక్ష ఎంతన్నదాని మీదే, నేరం మీద కాదు. 600 రూపాయల కోసం అంతదూరం పోవడం దండగ. దాచకుండా రాయించండి.

గంజాయి కేసులో ప్రొబేషన్ దారి కూడా లేదు, అది కలపకండి. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 33 పద్దెనిమిది నిండినవాళ్లకి దాన్ని మూసేసింది, 26, 27 సెక్షన్లు తప్ప.

పర్లాకిమిడి_లోన్‌డెస్క్:

డ్రైవరు సంగతి నేను చెబుతాను. 800 గ్రాములంటే కిలోలోపు, చట్టం దాన్ని చిన్న పరిమాణం అంటుంది. గరిష్ఠం ఏడాది. వీడికి 6 నెలలే పడింది. శిక్షతో పాటు జరిమానా కూడా ఉంటే కట్టిన రసీదు దొరకబుచ్చుకోండి, జైలు విడుదల పత్రంతో కలిపి ఒక కవర్లో పెట్టుకోవాలి. కఠిన శిక్షలో పని చేయించి ఉంటే కూలి జమైందేమో జైలు ఆఫీసులో అడగండి, చాలామంది అడక్కుండానే వచ్చేస్తారు. పట్టుకున్నప్పుడు ఫోను, పర్సు సీజు చేసి ఉంటే తీర్పు చివర 'ఆస్తి' గురించి రాసిన వాక్యం చూసి, దాని ప్రకారం కోర్టులో అర్జీ పెట్టాలి. ఠాణాలో బతిమాలితే పని జరగదు.

లైసెన్సు: రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్ సారథిలో నంబరు కొట్టి సస్పెండ్ అయిందో లేదో చూడండి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు గడువు 5 ఏళ్లు. గడువు దాటి ఏడాది లోపలైతే రెన్యువల్ సరిపోతుంది, ఏడాది దాటితే మళ్లీ టెస్టు ఇవ్వాలి. జైల్లో ఉన్నప్పుడు గడువు అయిపోయినవాళ్లు బయటికొచ్చాక ఇంకో ఆర్నెల్లు తాత్సారం చేసి టెస్టు తెచ్చుకుంటారు. ఈ వారమే చూడండి.

బ్యాంకు: రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది, వీడిది అంతదాకా వచ్చి ఉండదు. అసలు దెబ్బ ఈఎంఐల దగ్గర. బండి మీదో ఫోను మీదో వాయిదా ఉండి ఆరు నెలలు ఆగితే సిబిల్ (అప్పు తీర్చిన తీరుకిచ్చే స్కోరు) పడిపోయి ఉంటుంది. ఏడాదికొక రిపోర్టు ఉచితంగా ఇస్తారు, అప్పు అడగబోయే ముందు తీసి చూసుకోండి. మిగిలింది రెండు మూడు వేలైతే కట్టి 'బాకీ లేదు' కాగితం పుచ్చుకోండి. బ్యాంకు మేనేజరు మొదట చూసేది అదే.

సొంత పని అంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా అప్పు: శిశు రకంలో 50,000 వరకు, కిశోర్లో 5 లక్షల వరకు, పూచీ ఆస్తి అడక్కూడదు. పాత టైరు పంక్చరు షాపుకి, చిన్న టిఫిన్ బండికి శిశు చాలు. కాస్త పెద్దదైతే పీఎంఈజీపీ, అంటే కొత్త యూనిట్ పెట్టేవాళ్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే అప్పు పథకం: గ్రామంలో ఎస్టీ, ఎస్సీ, ఓబీసీ లబ్ధిదారుకి 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. జనరల్ వర్గానికి మామూలుగా 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 10 శాతం. కొత్త యూనిట్‌కే ఇస్తారు, ముందే నడుస్తున్న కొట్టుకి రాదు. ఈ ఒక్క కారణంతోనే బోలెడు ఫైళ్లు వెనక్కొస్తాయి: అప్పు ఎలాగూ వస్తుందని ముందే బోర్డు కట్టేసి, ఫొటోలు తీసి జతచేస్తారు! వడ్రంగం, తాపీ పని, టైలరింగ్ వచ్చినవాడైతే పీఎం విశ్వకర్మ చూడండి, 18 వృత్తులున్నాయి, పనిముట్లకి 15,000, మొదటి అప్పు లక్ష దాకా 5 శాతం వడ్డీకి. డ్రైవింగ్ ఆ జాబితాలో లేదు. బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఆర్‌సెటీలో తిండి, బస పెట్టి ఉచితంగా శిక్షణ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ ఉంటే అప్పు ఫైలు కాస్త కదులుతుంది.

బోర్డు_బెంచీ:

మూడోవాడి విషయానికి ఎవరూ రాలేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 24: ఆ చట్టం కింద తేలిన నేరం వల్ల ఏ అనర్హతా అంటుకోదు. 16 నిండాక ఘోర నేరం చేసి, పెద్దవాడిలా విచారణ జరిగినవాళ్లకి మాత్రం ఇది వర్తించదు. ఫోన్ దొంగతనం అందులోకి రాదు. సెక్షన్ 74(2) ఇంకా సూటిగా ఉంది: ముగిసిన పిల్లల కేసు రికార్డుని క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసు బయటపెట్టకూడదు.

అయినా ఎక్కడ బయటపడుతుందంటే, ఠాణా రిజిస్టర్లో కాదు, గ్రామరఖి (పోలీసుకి సాయపడే ఊరి కాపలాదారు) నోట. వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబులు ఊళ్లో అడుగుతాడు, "వీడా, అప్పుడు ఫోను కేసులో..." అని ఎవరో అంటారు. అది రిపోర్టులోకెక్కుతుంది. దానికి విరుగుడు, జువెనైల్ బోర్డు ఆఖరి ఉత్తర్వు కాపీని వయసు రుజువుతో కలిపి దగ్గర పెట్టుకోవడం. సెక్షన్ 24 చూపిస్తూ సెలక్షన్ బోర్డుకి జవాబు రాయొచ్చు. 2019లో రమేశ్ బిష్ణోయ్ కేసులో సుప్రీంకోర్టు, మైనరుగా ఉన్నప్పటి కేసు చెప్పలేదని ఉద్యోగం నిరాకరించడం కుదరదంది.

ఇది పిల్లల కేసుకే. పెద్దవాళ్లు ఇదే ధైర్యంతో గడి ఖాళీగా వదిలితే మునుగుతారు. 2016 అవతార్ సింగ్ తీర్పు ప్రకారం సమాచారం నిజంగా ఉండాలి. చిన్న కేసు దాచినా క్షమించొచ్చు, అయితే అది యజమాని విచక్షణ. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. సర్కారు ఫారంలో అరెస్టు, ప్రాసిక్యూషన్, బైండోవర్ (గొడవ చెయ్యనని పూచీకత్తు రాయించడం), జరిమానా, శిక్ష అని వేర్వేరు గడులుంటాయి. కేసు కొట్టేసినా 'అరెస్టయ్యారా' అన్నదానికి జవాబు 'అవును' అనే. తహసీల్దారు దగ్గర సీఆర్‌పీసీ 107 కింద బైండోవర్ చేసినవి కూడా అడుగుతారు, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 126. ఊరి గొడవల్లో అందరూ మరిచిపోయేది అదే.

బరంపురం_పాస్‌పోర్ట్:

గల్ఫ్ మాట ఎవరైనా ఎత్తుతారని చెబుతున్నా. శిక్ష పడ్డవాడికి పాస్‌పోర్టు ఆగేది, దరఖాస్తుకి ముందు 5 ఏళ్లలో నైతిక పతనమనే నేరానికి 2 ఏళ్లు, అంతకుమించి శిక్ష పడితేనే. ఈ ఫిట్టరుకీ డ్రైవరుకీ ఆ అడ్డు లేదు. కోర్టులో కేసు నడుస్తున్నవాడైతే ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఎంతకాలానికో ఉత్తర్వులో రాయించుకోండి, రాయకపోతే ఏడాదికే ఇస్తారు. పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) వేరే సంగతి, ఫీజు 500, కేసు వివరం అందులోకి రావొచ్చు.

హెచ్‌ఆర్_గాజువాక:

పీఎల్‌వీ గారూ, ఫిట్టరు కోసం ఫారంలో ఇంతే రాయించండి: "జీఆర్ కేసు నం. ఫలానా, 2019, సబ్‌డివిజనల్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు (ఎస్‌డీజేఎం) కోర్టు, గుణుపురం. సెక్షన్లు 341, 323, 294, 506. 600 రూపాయల జరిమానా, ఫలానా తేదీన చెల్లించాను. జైలు శిక్ష లేదు. తీర్పు నకలు జతచేశాను." ఎందుకు కొట్టుకున్నారో, తప్పెవరిదో ఒక్క ముక్క వద్దు. అవతలి కుటుంబం పేరు అసలే వద్దు. ఇంటర్వ్యూ రోజు కాదు, ఆఫర్ లెటరు వచ్చాక, వెరిఫికేషన్ ఫారంతో పాటు ఇవ్వాలి. అయితే మొదటి దరఖాస్తులోనే ఆ ప్రశ్న ఉంటే అక్కడే. సర్టిఫైడ్ కాపీ చూపించి జెరాక్స్ ఇవ్వమనండి. అసలుది మా ఆఫీసులో ఒక్కసారి పోతే మళ్లీ గుణుపురం రికార్డు రూముకే వెళ్లాలి.

వంశధార_పీఎల్‌వీ:

సోమవారం కాపీయింగ్ సెక్షన్‌కి వెళ్తున్నాను, రెండు కాపీలకి. డ్రైవరు లైసెన్సు సారథిలో ఇప్పుడే చూశాం. సస్పెన్షన్ లేదు, గడువు దాటి నాలుగు నెలలైంది. టెస్టు అక్కర్లేదు, రెన్యువల్ చాలు.