టీనేజ్ స్నేహాల మీద టీవీ థ్రిల్లర్లు: కథ ఉన్నా నటన ఎందుకు తేలిపోతోంది?

రెండోఆట అడుగుతున్నారు:

అమెరికన్ టీవీ సినిమాల్లో ఒక తరహా ఉంది కదా. కొత్త స్కూల్లో చేరిన అమ్మాయి, ఆమెని చేరదీసే డబ్బున్న అమ్మాయి, మధ్యలో మెట్ల మీంచి పడిపోయే మూడో అమ్మాయి, ఎవరూ నమ్మని తల్లి. కథ బాగానే అల్లుతారు. నటన దగ్గరికి వచ్చేసరికి తేలిపోతుంది. ముఖ్యంగా మూడు చోట్ల.

ఒకటి, చెడ్డ స్నేహితురాలు మొదటి సీన్‌లోనే కళ్లు చిన్నవి చేసి, పెదవి ఓ పక్కకి లాగి నవ్వుతుంది. చూసేవాళ్లందరికీ తెలిసిపోయింది, హీరోయిన్‌కి మాత్రం తెలియదు! రెండు, ఏడుపు సీన్లలో గొంతు ఏడుస్తుంది, ముఖం ఏడవదు. తెలుగు డబ్బింగ్‌లో ఇది ఇంకా ఎక్కువ. మూడు, పదహారేళ్ల పాత్రల్లో పాతికేళ్ల వాళ్లు.

తప్పు నటులదా, దర్శకుడిదా, ఎడిటింగ్‌దా, డబ్బింగ్‌దా? విడదీసి గుర్తుపట్టే పద్ధతి ఏమైనా ఉందా? తిట్టడానికి అడగడం లేదు. ఇద్దరు ఇంటర్ అమ్మాయిల స్నేహం మీద 20 పేజీల షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ సిద్ధంగా ఉంది. ఇద్దరూ కొత్తవాళ్లే. మూడు రోజుల షూటింగ్. ఆ తప్పులు మా దాంట్లో రాకూడదు.

క్లాప్‌బోర్డు:

ముందు లెక్క చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. టీవీలో రెండు గంటల స్లాట్ అంటే యాడ్‌లు పోను సినిమా 85 నుంచి 90 నిమిషాలు. స్క్రిప్ట్ పేజీకి ఒక నిమిషం లెక్కన 90 పేజీల పైచిలుకు. దాన్ని 15 రోజుల్లో తీయాలంటే రోజుకి 6 పేజీలు తగ్గకూడదు. పన్నెండు గంటల కాల్‌షీట్‌లో భోజనం, లొకేషన్ మార్పు, మేకప్ పోతే కెమెరా తిరగడానికి మిగిలేది ఏడు గంటలు. అంటే పేజీకి దాదాపు గంట.

ఆ గంటలో ఇద్దరు మాట్లాడుకునే సీన్‌కి ఒక మాస్టర్ షాట్ (సీన్ మొత్తం ఇద్దరూ కనిపించేలా తీసేది), రెండు భుజం మీంచి తీసేవి, రెండు క్లోజప్‌లు. అయిదు సెటప్‌లు, అంటే కెమెరా, లైట్లు అయిదుసార్లు కొత్తగా సర్దాలి. ఒక్కోదానికి 12 నిమిషాలు. లైట్లు సర్దడానికే ఎనిమిది పోతాయి. మిగిలిన నాలుగు నిమిషాల్లో రెండు టేకులు. డైలాగ్ తప్పు పోకపోతే చాలు, ఓకే చెప్పి ముందుకెళ్తారు. ఈ పరిస్థితిలో నటి ఏం చేస్తుంది? ఒక్కసారికే అందరికీ అర్థమయ్యేది ఎంచుకుంటుంది. ఆ పక్కచూపు నవ్వు అక్కడ పుడుతుంది.

ఇంకోటి, వరస తప్పి తీయడం. ఒక ఇల్లు మూడు రోజులకి దొరికితే ఆ ఇంట్లో సీన్లన్నీ ఆ మూడు రోజుల్లోనే తీస్తారు. పొద్దున క్లైమాక్స్ గొడవ, మధ్యాహ్నం మొదటి పరిచయం. గొడవ తాలూకు బిగువు పరిచయంలోకి వచ్చేస్తుంది. దీనికి మందు ఖర్చులేనిది. సీన్ నంబర్లు నిలువుగా రాసి, ప్రతి సీన్ ఎదురుగా "ఈ క్షణానికి ఈమెకి తెలిసింది ఏమిటి, ఇంకా తెలియనిది ఏమిటి" అని రెండే గడులు పెట్టండి. టేక్‌కి ముందు నటికి ఆ వరస ఒకసారి చదివి వినిపించండి. కోపం ఎంత, బాధ ఎంత అని గడులు పెట్టొద్దు, వాటినే నటించేస్తారు.

వయసు సంగతి వేరు. కాలిఫోర్నియాలో 16, 17 ఏళ్ల వాళ్లు స్కూల్ ఉన్న రోజుల్లో పనిచేయగలిగేది ఆరు గంటలు, దాంతోపాటు మూడు గంటలు చదువు చెప్పించాలి. 9 నుంచి 15 ఏళ్ల వాళ్లయితే పని అయిదు గంటలే. పన్నెండు గంటల రోజులో అది ఇమడదు కాబట్టి పద్దెనిమిది దాటినవాళ్లని తీసుకుంటారు. అందులో నటన తప్పేం లేదు. పాతికేళ్ల మనిషి పదహారేళ్లని "చేసి చూపించడం" తప్పు. భుజాలు ఎగరేయడం, జుట్టు తిప్పుకోవడం, ప్రతి మాటకీ కళ్లు తిప్పడం అదే. ఇక మన దేశం సంగతి: మీ దాంట్లో పధ్నాలుగేళ్ల లోపు పిల్లలు ఎవరైనా ఉంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి అయిదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు.

అభ్యాసం:

క్లాప్‌బోర్డు గారి లెక్క నిజమే, కానీ టైమ్ ఇచ్చినా ఆ నవ్వు పోదు. అది రాతలోంచి వస్తుంది. "చెడ్డ స్నేహితురాలు" అని పాత్ర పరిచయంలో రాసిన క్షణమే నటి చెడ్డతనాన్ని వెతుక్కుంటుంది. ఆ అమ్మాయి దృష్టిలో తను చెడ్డది కాదు. తనని వదిలి వెళ్లిపోతారేమో అన్న భయం ఉన్న మనిషి. పరిచయంలో ఆ ఒక్క మాట మార్చి చూడండి.

ఇలాంటి స్నేహాల మీద పరిశోధన కూడా ఉంది. సంబంధాన్నే ఆయుధంగా వాడటాన్ని 1995లో నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ అనే మనస్తత్వ పరిశోధకులు బడి పిల్లల మధ్య విడిగా కొలిచి చూపించారు. కొట్టడం, తిట్టడం కాదు. మాట్లాడటం మానేయడం, గుంపులోంచి తప్పించడం, లేనిపోనివి పుట్టించడం, "ఇలా చేయకపోతే నీతో ఉండను" అనడం. చూడండి, ఇందులో ఒక్కదానికీ విలన్ ముఖం అక్కర్లేదు. అన్నీ చేతలే, కెమెరాకి దొరికేవే. స్నేహితురాలి ఫోన్ అడక్కుండా తీసి నవ్వుతూ చదవడం. ఆమె రాగానే మాట ఆపేయడం. నలుగురి ముందు ఖరీదైన బహుమతి ఇచ్చి, నలుగురూ వెళ్లాక దాని ధర గుర్తుచేయడం.

ఇంకా ముఖ్యమైంది వేడి, చలి మారే వరస, అంటే ఒకరోజు ఆప్యాయత, ఇంకోరోజు దూరం. ఎప్పుడూ ఇచ్చే బహుమతి కన్నా, ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి అలవాటుని గట్టిగా పట్టి ఉంచుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లోనే ప్రయోగాలతో సహా రాశారు. హీరోయిన్ ఎందుకు వదిలి వెళ్లడం లేదన్న ప్రశ్నకి జవాబు ఇదే. కాబట్టి ఆప్యాయత నిజంగా ఆప్యాయంగా ఉండాలి. ఈ టీవీ సినిమాల్లో లోపించేది అదే. స్నేహం బాగున్న రోజులు ఒక పాట, నాలుగు షాపింగ్ షాట్లతో దాటేస్తారు. మీ 20 పేజీల్లో కనీసం ఐదు పేజీలు ఆ స్నేహం చూసేవాళ్లకి కూడా కావాలనిపించేలా ఉండాలి. చలి సీన్లలో ముఖం మార్చొద్దు, టైమింగ్ మార్చండి. జవాబు అర సెకను ఆలస్యం. చూపు ఎప్పుడూ నిలిచేంతసేపు నిలవకపోవడం. అంతే చాలు.

రిహార్సల్‌కి రెండు పనులు చెప్తాను. మొదటిది అమెరికన్ నటన గురువు శాన్‌ఫర్డ్ మైస్నర్ పునరుక్తి అభ్యాసం. ఇద్దరూ మూడడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు ఎదుటివారిలో కనిపించింది చెప్పాలి: "నీ చెయ్యి వణుకుతోంది." రెండోవారు: "నా చెయ్యి వణుకుతోంది." అదే మాట అటూ ఇటూ, ఎదుటి మనిషిలో ఏదైనా మారేదాకా. రోజుకి పది నిమిషాలు, వారం రోజులు. కొత్తవాళ్లు దీన్ని మూడో రోజుకల్లా గొంతులు మార్చే పోటీగా చేస్తారు. అప్పుడు ఆపేసి, గొంతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టించండి. దీనివల్ల వచ్చే లాభం వినడం. ఈ సినిమాల్లో నటులు వినరు, తమ వంతు కోసం ఎదురుచూస్తారు.

రెండోది, ఒకే డైలాగ్‌ని మూడు పనులతో చెప్పించడం. "నువ్వు లేకపోతే నేనేమైపోతానో తెలుసా?" దీన్ని ఒకసారి ఊరడించడానికి, ఒకసారి పరీక్షించడానికి, ఒకసారి కట్టిపడేయడానికి. "బాధగా చెప్పు", "కుట్రగా చెప్పు" అని ఎప్పుడూ అనొద్దు. క్రియ ఇవ్వండి.

ఏడుపు గురించి ఒక్క మాట. గ్లిజరిన్ కంట్లో నీళ్లు తెప్పిస్తుంది, ఊపిరి మార్చదు. మనకి ఏడుపు తెలిసేది ఊపిరిలో. టేక్‌కి ముందు చేతికి ఒక పని ఇవ్వండి, బ్యాగ్ సర్దడమో, జడ వేసుకోవడమో. ఆ పని పూర్తిచేయాలి, ఏడవకూడదు అని చెప్పండి. ఆపుకునే ప్రయత్నమే తెర మీద ఏడుపవుతుంది.

కత్తెరబల్ల:

నటనగా కనిపించే తప్పుల్లో చాలా భాగం మా ఎడిటర్ల దగ్గర జరుగుతుంది. టీవీ సినిమా కథని యాడ్ బ్రేకుల చుట్టూ ముక్కలు చేస్తారు. ప్రతి బ్రేక్ ముందు ఒక ముఖం మీద రెండు మూడు సెకన్లు ఆపి, సంగీతం ఒక్కసారి పెంచి కోస్తారు. ఆ రెండు సెకన్లలో నటికి చేయడానికి పని లేదు, కళ్లు పెద్దవి చేస్తుంది. ఓటీటీలో యాడ్ లేకుండా చూస్తే ఆ షాట్లు కారణం లేకుండా నిలబడి కనిపిస్తాయి. జనం "ఓవర్ యాక్షన్" అనేవి ఎక్కువగా అవే.

విడదీసే పద్ధతి అడిగారు కదా. అనుమానం ఉన్న సీన్ మూడుసార్లు చూడండి. మొదట శబ్దం తీసేసి. ముఖాలు నమ్మేలా ఉంటే తప్పు గొంతులో, లేదా డబ్బింగ్‌లో. తర్వాత తెర మూసి వినండి. మాట బాగుండి బొమ్మతో కలిపితే తేలిపోతుంటే తప్పు కోతలోనో, కంటిచూపు దిశలోనో. క్లోజప్‌లో చూపు కెమెరాకి మరీ పక్కకి పోతే ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టు ఉండదు, గోడతో మాట్లాడినట్టుంటుంది. మూడోసారి మాట్లాడేవాళ్లని వదిలేసి వినేవాళ్లనే చూడండి. వినేవాళ్ల షాట్లు అసలు లేకపోతే తీయలేదని అర్థం, ఎడిటర్ చేతుల్లో ఏమీ లేదు. మూడింట్లోనూ నప్పకపోతే అప్పుడు నటుల్ని అనొచ్చు.

పోల్చి చూడాలంటే ఒక జంట ఉంది. 1994లో అమెరికన్ చానల్ ఎన్‌బీసీలో వచ్చిన 'ఎ ఫ్రెండ్ టు డై ఫర్', దాన్నే 2019లో లైఫ్‌టైమ్ అనే ఇంకో చానల్ 'డెత్ ఆఫ్ ఎ చీర్‌లీడర్' పేరుతో మళ్లీ తీసింది. మూలం 1984లో కాలిఫోర్నియాలోని ఒరిండాలో జరిగిన నిజమైన హత్య. మొదటిదాంట్లో చంపే అమ్మాయిగా వేసిన కెల్లీ మార్టిన్‌కి అప్పుడు 18 ఏళ్లు, గర్వంగా ఉండే అమ్మాయిగా వేసిన టోరీ స్పెల్లింగ్‌కి 21. రెండోదాంట్లో అదే కెల్లీ మార్టిన్ దర్యాప్తు అధికారి. ఇక్కడ హేళన చేసే అమ్మాయి చనిపోతుంది, ఆమె స్నేహం కోసం తపించిన అమ్మాయి చంపుతుంది. విలన్ నవ్వుకి చోటే లేదు. మార్టిన్ ముఖంలో ఉన్నదంతా "నన్ను మీలో కలుపుకోండి" అన్న ఆత్రం. అందుకే ఆ కథ ఇన్నేళ్లకీ నిలబడిందని నా నమ్మకం.

మీ షూటింగ్‌కి: "యాక్షన్" అన్నాక ఐదు సెకన్లు మాట లేకుండా ఉండమనండి, చివర "కట్" ఐదు సెకన్లు ఆలస్యంగా చెప్పండి. నటులు అప్పుడే నిజంగా ఉంటారు, నాకు కావలసిన ముఖాలు అక్కడే దొరుకుతాయి. వినేవాళ్ల క్లోజప్ సీన్ మొత్తం నడిపి తీయండి, ముక్కలుగా వద్దు. ప్రతి లొకేషన్‌లో అందర్నీ నిశ్శబ్దంగా నిలబెట్టి ముప్పై సెకన్లు గది శబ్దం (మాటలు లేనప్పుడు ఆ గదిలో వినిపించేది) రికార్డ్ చేయండి.

మైక్‌ముందు:

డబ్బింగ్ వైపు నుంచి చెప్తాను, ఇది ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లిష్‌లో బరువైన మాట తరచూ వాక్యం చివర పడుతుంది, నటి ముఖం ఆ చివరి మాట మీద మారుతుంది. తెలుగులో చివర క్రియ కూర్చుంటుంది. "నీలా అవ్వాలని నేనెప్పుడూ కోరుకోలేదు" అని రాస్తే "నీలా" మొదట్లోనే అయిపోయింది, ముఖం మాత్రం చివర్లో విరుగుతుంది. బొమ్మ ఒకచోట, భావం ఇంకోచోట. వ్యవహారంలో మనం మాట తిప్పుతాం కదా, అలాగే తిప్పాలి: "నేనెప్పుడూ కోరుకోలేదే, నీలా అవ్వాలని." తొందరలో ఎవరూ తిప్పరు. పెదవులు కలిసే ప, బ, మ చోట్లు సరిపెట్టి పంపేస్తారు.

పిలుపు ఇంకో నష్టం. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే "యూ". తెలుగు పాత్రకి "నువ్వు", "ఏమే", "ఒసేయ్", "బంగారం" ఉన్నాయి. నలుగురి ముందు "బంగారం", ఇద్దరే ఉన్నప్పుడు "ఏమే" అంటే నటి వేలు కదపకుండానే పెత్తనం తెలుస్తుంది. డబ్బింగ్‌లో మొదటి నుంచి చివరిదాకా "నువ్వు" పెట్టి ఆ మెట్లన్నీ చదును చేస్తారు. మీరు తెలుగులోనే రాస్తున్నారు, ఈ సొమ్ము మీ చేతిలోనే ఉంది. ఎవరు ఎవర్ని ఏ సీన్‌లో ఏమని పిలుస్తారో విడిగా ఒక కాగితం మీద రాసుకోండి.

ఏడుపుకి గొంతు, ముఖం విడిపోవడానికి కారణం: మాటల మధ్య ఊపిరి, వెక్కు, ముక్కు ఎగపీల్చడం డబ్బింగ్ వెర్షన్‌లో మళ్లీ చెప్పించాలి, చాలాసార్లు మాటలు మాత్రమే చెప్పించి వదిలేస్తారు. పైగా మైక్ దగ్గరగా ఉంటుంది, గది ప్రతిధ్వని ఉండదు. మెట్ల కింద ఉన్న మనిషి చెవిలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. వీలైతే మీరు సెట్‌లో పలికిన మాటే వాడండి. తప్పక మళ్లీ చెప్పించాల్సి వస్తే అదే గదిలో, అదే దూరంలో, నటిని నిలబెట్టి చెప్పించండి.

రెండోఆట:

అందరికీ కృతజ్ఞతలు. పాత్ర పరిచయం మార్చేశాను. ఒక్క ఇబ్బంది. రెండో రోజుకి 9 పేజీలు పడ్డాయి, అందులో చివరి గొడవ 4 పేజీలు. ఆ ఇల్లు ఆ ఒక్కరోజే ఉంది. ఏది తగ్గించాలి?

క్లాప్‌బోర్డు:

పేజీలు తగ్గించకండి, సెటప్‌లు తగ్గించండి. మిగిలిన 5 పేజీల్లో పరిచయం, ఫోన్ మాట్లాడటం లాంటివి ఉంటాయి కదా, వాటిని ఒక్కో సీన్‌కి రెండు షాట్లతో ముగించండి. మధ్యాహ్నం భోజనంలోపు అయిపోవాలి. గొడవని ఒక్క మాస్టర్‌తో పొడవుగా, నటులు కదులుతూ ఉండేలా రిహార్సల్ చేసి, నాలుగైదు టేకులు తీయండి. తర్వాత వినేవాళ్ల క్లోజప్ ఒక్కటి, కత్తెరబల్ల గారు చెప్పినట్టు మొత్తం నడిపి. అరిచే అమ్మాయి క్లోజప్ సమయం మిగిలితేనే. ముందు ఆ నాలుగు పేజీలని ఇంటి కొలతలతో నేల మీద టేప్ అంటించి రెండు సాయంత్రాలు నడిపించండి, మెట్లు ఉంటే మెట్లతో సహా. షూటింగ్ రోజు కాళ్లు ఎక్కడ పెట్టాలో ఆలోచించే పని ఉండకూడదు.