కౌలాలంపూర్ల అడవి నడక గ్రూపులు, ఒక్కదాన్నే పోవచ్చా?

గుట్టకింది ఇల్లు:
నమస్తే అందరికీ. మాది నల్లగొండ, పెండ్లయినంక మలేషియా పోయిన, ఏడాదిన్నర అయితుంది. మా ఆయన ఆఫీసుకు పోతే పొద్దుగూకేదాక పద్దెనిమిదో అంతస్తుల నేను, టీవీ, అంతే. సెలవుకు ఇంటికొచ్చి నిన్న మా అన్న పిల్లలతోని లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కిన, పైనుంచి ఊరు చూస్తుంటే ఏడుపొచ్చింది, ఇట్ల నలుగురితోని మాట్లాడుకుంట నడిచి ఎన్ని రోజులైందో. అక్కడ మా పక్క ఫ్లాట్ల చైనీస్ ఆంటీ వారం వారం హాష్ అనే గ్రూపుతోని అడవిలకు పోతది, నన్ను రెండుసార్లు పిలిచింది. మా అత్తమ్మనేమో వాళ్ళు తాగుతరట, అడవిల తప్పిపోతే ఎవరు చూస్తరు అంటుంది. నాకు పరుగు రాదు, జలగలంటే మస్తు భయం. పోయినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, వచ్చే నెల వాపస్ పోతున్న.

పాలమూరు బాటసారి:
చెల్లె, నేను ఆరేండ్లు అక్కడుండి ఇప్పుడు మహబూబ్‌నగర్ వచ్చేసిన, పోవాల్సిందే అని చెప్త. హాష్ పుట్టిందే కౌలాలంపూర్ల, 1938ల. గిస్పర్ట్ అనే అకౌంటెంట్, ఆయన దోస్తులు కలిసి సాయంత్రం పూట కాగితం ముక్కల ఆట మొదలుపెట్టిన్రు. సెలంగోర్ క్లబ్‌ల వాళ్ళు తినే మెస్‌ను హాష్ హౌస్ అనేటోళ్ళు, ఆ పేరే నిలిచింది. గిస్పర్ట్ 1942ల సింగపూర్ యుద్ధంల చనిపోయిండు, యుద్ధం అయినంక మిగిలినోళ్ళు మళ్ళ నడిపిచ్చిన్రు.

పరుగు రాదని భయపడకు, ఆ ఆట కట్టిందే అట్ల. ముందుగాల ఒకరిద్దరు పోయి కాగితం ముక్కలతోని దారి వేస్తరు, నడిమిట్ల ఒక్కోకాడ ఆ గుర్తులు తెగిపోతయి, దాన్ని చెక్ అంటరు. ఉరికెటోళ్ళు నాలుగు దిక్కుల పోయి ఎతుకుతరు, తప్పుదారి పట్టి వాపస్ వస్తరు, అంతల్నే ఎనకున్నోళ్ళు మెల్లగ వచ్చి కలుస్తరు. దొరికినోడు ఆన్ ఆన్ అని గట్టిగ అరుస్తడు. మొదటిసారి వానల నేను అందరికన్న ఎనక పడ్డ, చీకటైంది, టార్చ్ ఎలుగుల ఒక ఆకుకు తడిసి అతుక్కున్న తెల్ల కాగితం కనిపిచ్చింది, గప్పుడే ఎక్కడినుంచో ఆన్ ఆన్ అని వినిపిచ్చింది. మన సలేశ్వరం జాతరల లోయలకు దిగేటప్పుడు వస్తున్నం లింగమయ్యా అని ఒకరికొకరు అరుసుకుంట పోతరు చూడు, గట్లనే ప్రాణం లేచొచ్చింది నాకు.

అచ్చంపేట అక్క:
అన్న చెప్పింది నిజమే గని ఒక మాట. సోమవారం నడిచే మొట్టమొదటి గ్రూపు మగోళ్ళకే. ఆడోళ్ళ గ్రూపులు, అందరు కలిసిపోయేవి వేరే ఉంటయి, మీ ఆంటీ ఏ గ్రూపో అడుగు. అయిపోయినంక గుండ్రంగ నిలబడి పాటలు పాడుతరు, బీర్ తాగుతరు, అది ఉన్నమాటే. నేను మొదటి రోజే తాగనని చెప్పిన, నా గ్లాసుల నీళ్ళు పోసిన్రు, మళ్ళ ఎవ్వరు అడగలే. మీ అత్తమ్మకు ఈ మాట అట్లనే చెప్పు, దాచిపెట్టకు.

అసలు భయపడాల్సింది చీకటికి. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే ఏడుంబావుకు పొద్దుగూకుతది, మనకాడ లెక్క మెల్లగ మసక పడదు, చెట్ల కింద టక్కున చీకటైతది. ఫోన్ లైటును నమ్ముకోకు, తలకు కట్టుకునే టార్చ్ కొను. ఇంకోటి, మన ఎండలు పొడి ఎండలు, చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతది, అక్కడ గాలిలనే తేమ, చెమట ఆరదు, ఒంట్ల ఏడి దిగదు, అందుకే ముప్పై రెండు డిగ్రీలకే కండ్లు తిరుగుతయి. ఓఆర్ఎస్ కలిపిన నీళ్ళ బాటిల్ పట్టుకపో. జలగలకు పొడుగు సాక్సులు ప్యాంటు మీదికి గుంజుకో. పట్టినా గుంజిపారెయ్యకు, నోరున్న కాడ గోరుతోని మెల్లగ నెట్టు, ఊడిపోతది, నెత్తురు కొంచెం సేపు కారి ఆగుతది.

మిర్యాలగూడ తమ్ముడు:
అక్కా మొదటిసారే అడవిలకు వద్దు. పగటిపూట బుకిట్ గాసింగ్ పోండి, గుట్ట మీద శివాలయం కూడ ఉంది, దర్శనం చేసుకొని అట్లనే నడవొచ్చు. కెపాంగ్‌ల ఫ్రిమ్ అని అటవీ పరిశోధన సంస్థ ఉంది, దాని అడవి కూడ మంచిగుంటది, దారులు సాఫ్ ఉంటయి. రెండు నెలలు కాళ్ళు అలవాటైనంక హాష్‌కు పోండి. బూట్లకు వేలకు వేలు ఖర్చు పెట్టకండి, అక్కడ అడిడాస్ కాంపుంగ్ అంటరు, రబ్బరు తోటల పనోళ్ళు తొడుక్కునే నల్ల రబ్బరు బూట్లు, బురదల గవే మంచిగ పట్టుకుంటయి.

గుట్టకింది ఇల్లు:
అందరికీ మస్తు థాంక్స్. అత్తమ్మకు అక్క రాసింది అంత చదివి వినిపిచ్చిన, కొంచెం సేపు ఏం మాట్లాడలే, తర్వాత ఆ ఆంటీ పేరేంది, పిల్లలెందరు అని అడిగింది. మా అన్న పొలం కాడికి పోయేటప్పుడు తలకు కట్టుకునే లైటు ఇచ్చిండు, బ్యాగుల పెట్టుకున్న. ఆంటీకి ఇప్పుడే మెసేజ్ పెట్టిన, వస్తున్న అని.